ఆఫీసు దారికీ ఘాట్ రోడ్డుకీ ఒకే టైరు

మోటార్ సైకిల్ రోడ్డును తాకేది రెండు చోట్లే. ఒక్కో చోట ఆనే మేర అరచేయంత ఉంటుంది. బండి బరువు, ఎక్కినవాళ్ల బరువు, బ్రేకు వేసినప్పటి ఒత్తిడి, మలుపులో వాలినప్పటి పట్టు, అన్నీ ఆ కాస్త రబ్బరు మీదే. మైలేజీ గురించీ ఇంజిన్ ఆయిల్ గురించీ గంటల తరబడి మాట్లాడేవారు కూడా టైరు మార్చే రోజున షాపులో ఏది చేతికిస్తే అది వేయించుకుని వచ్చేస్తారు. నిజానికి టైరు ఎంపిక ఒక బేరం. చాలాకాలం మన్నే గట్టి రబ్బరుకు తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. బాగా పట్టే మెత్తని రబ్బరు త్వరగా అరుగుతుంది. మట్టిని తవ్వుకుంటూ పోయే దిమ్మెల టైరు తారు మీద మోత మోగిస్తుంది. వారమంతా ఆఫీసుకీ, ఆదివారం సరదా ప్రయాణానికీ ఒకే బండి వాడేవారు ఈ బేరంలో ఏది వదులుకోవచ్చో, ఏది వదులుకోకూడదో ముందే తేల్చుకోవాలి.

మొదట చూడవలసింది కిలోమీటర్ల లెక్క. మెహిదీపట్నం నుంచి గచ్చిబౌలికి వెళ్లి వచ్చే ఉద్యోగికి రోజుకు అటూ ఇటూగా పాతిక కిలోమీటర్లు, నెలకు అయిదు వందల పైమాటే. నెలకోసారి వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు వెళ్లొస్తే మరో నూట యాభై. అదీ తారు రోడ్డే. నల్లమల గుండా శ్రీశైలం వెళ్లినా, విశాఖ నుంచి అరకు ఎక్కినా తారు రోడ్డే. ఇలాంటి వాడకానికి రోడ్డు టైరు చాలు. చూడటానికి గంభీరంగా ఉంటాయని దిమ్మెల టైర్లు వేయించుకుంటే ఆ బండి ఏడాదంతా మోత, అరుగుదల భరించి, మట్టిలోకి ఒకటి రెండు సార్లు దిగుతుంది. అదే పాడేరు వైపు కాఫీ తోటల దారుల్లోనో, వాన పడితే బురదయ్యే పొలం బాటలోనో రోజూ తిరిగేవారికి తారుకీ మట్టికీ పనికొచ్చే డ్యూయల్ పర్పస్ టైరు సరైనది.

ఏ రకం టైరన్నది కిలోమీటర్లు తేలిస్తే, ఆ రకంలో ఏది కొనాలన్నది వాన తేల్చాలి. పొడి రోడ్డు మీద పేరున్న ఏ కంపెనీ రోడ్డు టైరైనా మామూలు వేగాలకు సరిపడా పట్టునిస్తుంది. తేడా బయటపడేది తొలకరికి దుమ్మూ నూనే కలిసి జారుడుగా మారిన తారు మీద, జీబ్రా గీతల రంగు మీద, మ్యాన్‌హోల్ మూతల మీద. కాబట్టి ‘ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుంది?’ అన్న ప్రశ్న కంటే ముందు ‘తడిలో ఎలా ఆగుతుంది?’ అన్న ప్రశ్న రావాలి.

ఇక కొలతలు. టైరు పక్కగోడ మీద 100/90-17 55పి లాంటి అంకెలు ఉంటాయి. 100 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 90 అంటే పక్కగోడ ఎత్తు, వెడల్పులో 90 శాతం. 17 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 55 బరువు సూచిక. అది 218 కిలోలకు గుర్తు. ‘పి’ గంటకు 150 కిలోమీటర్ల వేగ పరిమితిని చెబుతుంది. ఈ బరువు సూచికను చాలామంది పట్టించుకోరు. 150 కిలోల బండి మీద ఇద్దరు మనుషులు, ఒక సంచి కలిసి మరో 150 కిలోలనుకుంటే మొత్తం 300. అందులో మూడింట రెండు వంతులు వెనక చక్రం మీద పడితే 200 కిలోలు. 218కి అట్టే దూరం లేదు. పైగా టైరు మీద రాసిన గరిష్ఠ గాలి నిండుగా ఉంటేనే ఆ 218 లెక్క నిలుస్తుంది. అందుకే బరువు సూచిక, వేగ సూచిక బండి కంపెనీ చెప్పినదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి, తగ్గకూడదు.

ఆ అంకెల్లో 90కీ 17కీ మధ్యనున్న గీత కూడా అర్థం లేనిది కాదు. గీత ఉంటే లోపలి దారపు పొరలు ఏటవాలుగా ఒకదానిమీదొకటి పేర్చిన బయాస్ టైరు. గీత బదులు ఆర్ ఉంటే రేడియల్. మన దగ్గర 100, 125 సీసీ బండ్లన్నీ దాదాపు బయాస్ టైర్లతోనే వస్తాయి. బరువుకీ గతుకులకీ అవి బాగా తట్టుకుంటాయి, ధరా తక్కువ. ఎక్కువ వేగంలో వేడెక్కకుండా ఉండటం రేడియల్ గొప్ప. ముందు బయాస్, వెనక రేడియల్ పెట్టి కంపెనీలే కొన్ని బండ్లు అమ్ముతున్నాయి. తిరగేసి, ముందు రేడియల్, వెనక బయాస్ వేయడం మాత్రం తగదు.

కుర్రకారుకు మోజు లావు టైరు మీద. 100/90-17 ఉన్న చోట 110/80-17 వేస్తే చక్రం వ్యాసం నాలుగు మిల్లీమీటర్లు తగ్గుతుందంతే. అది పెద్ద లెక్కలోకి రాదు. 120/80-17 వేస్తే పన్నెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. గొలుసుకో మడ్‌గార్డుకో రాసుకునే ప్రమాదం అక్కడ మొదలవుతుంది. అసలు ఇబ్బంది రిమ్ముతో. సన్నని రిమ్ముకు లావు టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి పైభాగం కోసుగా మారుతుంది. నేలకు ఆనే భాగం అనుకున్నంత పెరగదు. బండి మలుపులోకి బద్ధకంగా వాలుతుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. మాన్యువల్‌లో ఉన్న సైజే, లేదా కంపెనీ అదే మోడల్‌కు, అదే రిమ్ముకు అనుమతించిన మరో సైజే మేలు.

ముందు చక్రానికీ వెనక చక్రానికీ పనులు వేరు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకొస్తుంది. దారి తిప్పేదీ ముందు చక్రమే. తడి రోడ్డు మీద నీటిని మొదట చీల్చేదీ అదే. కమ్యూటర్ బండ్ల ముందు టైర్లకు చుట్టూతా సాగే నిలువు గాడులు కనిపించేది అందుకే. అవి బండిని పక్కకు జారకుండా నిలుపుతాయి. వెనక టైరు ఇంజిన్ లాగుడునీ, పిలియన్ బరువునీ మోస్తుంది, ముందు అరిగేదీ అదే. రెండు అవసరాలూ ఉన్నవారికి డ్యూయల్ కాంపౌండ్ వెనక టైరు చక్కటి మధ్యేమార్గం. రోజువారీ నేరుగా నడిచే మధ్యభాగంలో గట్టి రబ్బరు, ఘాట్ మలుపుల్లో వాలితే ఆనే భుజాల దగ్గర మెత్తని రబ్బరు ఉంటాయి. సిలికా కలిపిన రబ్బరుకు తడిలో పట్టు ఎక్కువ.

ట్యూబ్ కావాలా వద్దా అన్నది టైరు కంటే రిమ్ము మీద ఆధారపడుతుంది. అల్లాయ్ చక్రాలకు చాలావరకు ట్యూబ్‌లెస్. మేకు దిగినా గాలి మెల్లగా పోతుంది కాబట్టి బండి అదుపు తప్పే ముప్పు తక్కువ. చక్రం విప్పకుండానే పంక్చర్ వేయించుకోవచ్చు. నల్లమల మధ్యలో ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది. స్పోక్ చక్రాలకు సాధారణంగా ట్యూబ్ తప్పదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350లో స్పోక్ చక్రాల బండికి ట్యూబ్ టైర్లు, అల్లాయ్ చక్రాల బండికి ట్యూబ్‌లెస్ టైర్లు వస్తాయి. ట్యూబ్ ఉన్నచోట కొత్త టైరుతో పాటు ట్యూబూ కొత్తదే వేయించాలి. సాగిన పాత ట్యూబ్ కొత్త టైరులో ముడతపడి అక్కడే చిరుగుతుంది. ట్యూబ్‌లెస్‌కైతే వాల్వు మార్చాలి.

షాపులో డబ్బు చేతులు మారేలోపు మూడు గుర్తులు చూడాలి. ఒకటి తయారీ తేదీ. 2224 అని ఉంటే 2024లో 22వ వారం, అంటే మే చివర. గోదాములో ఏళ్ల తరబడి పడి ఉన్న రబ్బరు అరగకపోయినా గట్టిపడుతుంది. రెండోది ఐఎస్ఐ ముద్ర. రెండు, మూడు చక్రాల వాహనాల టైర్లకు వర్తించే ప్రమాణం ఐఎస్ 15627. మూడోది తిరిగే దిశను చూపే బాణం. బిగించాక అది బండి ముందుకు పోయే దిక్కునే చూపాలి.

ఎప్పుడు మార్చాలి? గాడుల అడుగున చిన్న గట్లు ఉంటాయి. అవెక్కడున్నాయో పక్కగోడ మీద టీడబ్ల్యూఐ గుర్తు చెబుతుంది. రబ్బరు అరిగి ఆ గట్లతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ద్విచక్ర వాహనాలకు కనీసం 0.8 మిల్లీమీటర్ల గాడి లోతు ఉండాలంటాయి. అయితే ఊళ్లో నేరుగా తిరిగే బండికి లోతు మిగిలి ఉన్నా మధ్యభాగం పలకబారుతుంది. ఆఫీసు దారిలో ఇది తెలియదు. ఘాట్ మలుపులో వాలేటప్పుడు పలక అంచు దాటగానే బండి ఒక్కసారిగా లోపలికి పడిపోయినట్టవుతుంది. సరదా ప్రయాణాలు చేసేవారు అంతవరకూ ఆగకుండా ముందే మార్చడం మంచిది. వెనక టైరు ఒక్కటే అరిగితే ఒక్కటే మార్చవచ్చు గానీ ముందుది ఎన్నేళ్లదో, పక్కలు పగిలాయో లేదో చూడాలి. వర్షాకాలం ముందు మార్చుకుంటే కొత్త గాడుల లోతు అవసరమైనప్పుడే అక్కరకొస్తుంది. తెలంగాణలో, ఉత్తరాంధ్రలో అంటే మే నెల. ఈశాన్య రుతుపవనాల వానలు ఎక్కువ పడే నెల్లూరు తీరానికి సెప్టెంబరు.

బిగించాక చక్రం బ్యాలెన్సింగ్, వెనకదైతే గొలుసు బిగువు సరిచూడాలి. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. మొదటి 150 కిలోమీటర్లు గట్టి బ్రేకులు, లోతైన వాలుళ్లు మానాలి. ఆ తర్వాత మిగిలేది గాలి. 150 సీసీ బండికి ముందు 25, వెనక ఒక్కరికి 28, ఇద్దరికి 32 పీఎస్ఐ మామూలుగా కనిపించే అంకెలు. సరైన అంకె బండి మాన్యువల్‌లోనో, గొలుసు కవరు మీది స్టిక్కర్ మీదో ఉంటుంది. బండి నడవక ముందు, చల్లగా ఉండగా వారానికోసారి చూసుకోవాలి. ఎండలో నడిచి వేడెక్కిన టైరులో గాలి ఒత్తిడి పెరగడం సహజం. దాన్ని చూసి గాలి తీసేస్తే చల్లారాక తక్కువవుతుంది. తక్కువ గాలితో నడిచే టైరు అంచుల్లో అరిగి, లోపల వేడెక్కి, ఎంత మంచి కంపెనీదైనా ముందే పాడవుతుంది.