తెరపై పాఠము – తప్పు జవాబుకు విలువ

హైదరాబాదు నగరమునకు తూర్పున ఉప్పల్, నాచారము అను ప్రాంతములు ఒకదానినొకటి ఆనుకొని యున్నవి. భారత సర్వేక్షణ సంస్థవారి శిక్షణాలయము 1960ల దశకము నుండి ఉప్పల్‌లో పనిచేయుచున్నది. నేడు దానికి జాతీయ భూసమాచార విజ్ఞాన సాంకేతిక సంస్థ అని పేరు. భూమిని కొలిచి పటములు గీయువారు అచ్చట తరిఫీదు పొందుదురు. నాచారములో పారిశ్రామికవాడ కలదు. యంత్రముల నడుమ జాగ్రత్తగా మెలగుట ఎట్లో అందలి కార్మికులు నేర్చుకొనవలసియున్నది. రెండుచోట్లను నేర్వవలసినది చేతితో చేయు విద్యయే. అట్టి విద్యను కంప్యూటరు తెర ఎంతవరకు నేర్పగలదు అనునదే ఇచ్చట విచారింపదగిన విషయము.

తెరపై నడచు పాఠములను తయారుచేయు పనిముట్టును 'ఆథరింగ్ సాఫ్ట్‌వేర్' అందురు. తెలుగులో పాఠరచనా సాధనము అనవచ్చును. ప్రోగ్రాము వ్రాయుట తెలియని ఉపాధ్యాయుడు సైతము దీని సాయముతో అక్షరములను, బొమ్మలను, కంఠధ్వనిని, వీడియోను ఒకచోట కూర్చవచ్చును. మధ్యమధ్య ప్రశ్నలు పెట్టి, విద్యార్థి ఇచ్చిన జవాబును బట్టి పాఠము ఏ దారిని పోవలెనో నిర్ణయింపవచ్చును. ఈ సాధనము గొప్పదనుటలో సందేహము లేదు. కాని దానితో తయారగుచున్న పాఠములలో పెక్కు పేలవముగా నుండుట కూడ నిజమే. గొప్ప పనిముట్టు నుండి పేలవమైన వస్తువు ఏల వచ్చుచున్నది?

ఈ సాధనము పుట్టుక

1954లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ బోధన యంత్రములను గూర్చి తన భావములను ప్రకటించెను. పాఠమును చిన్నచిన్న మెట్లుగా విభజించి, విద్యార్థి తప్పు చేయు అవకాశమే తక్కువగా నుండునట్లు నడిపింపవలెనని ఆయన మతము. ఆ దశకమందే నార్మన్ క్రౌడర్ అను మరొకరు వేరు మార్గము పట్టిరి. అమెరికా వైమానిక దళములో ఎలక్ట్రానిక్ పరికరముల లోపములు కనిపెట్టుట నేర్పుచు, తప్పు జవాబును తప్పించుట కంటె వినియోగించుకొనుట మేలని ఆయన గ్రహించిరి. విద్యార్థి ఏ తప్పు చేసెనో దానిని బట్టి అతనిని వేరు పుటకు పంపి, ఆ పొరపాటునకే తగిన వివరణ నిచ్చుట ఆయన పద్ధతి.

1960లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములో డొనాల్డ్ బిట్జర్ నాయకత్వమున 'ప్లేటో' అను కంప్యూటరు బోధన వ్యవస్థ ప్రారంభమయ్యెను. అందులో పాఠములు వ్రాయుటకై 1967లో పాల్ టెంజర్ 'ట్యూటర్' అను భాషను రూపొందించెను. ప్లేటో పనిలో అనుభవము గడించిన మైకేల్ ఆలెన్ 1987లో 'ఆథర్‌వేర్' అను సాధనమును వెలువరించెను. దానిలో ఒక గీతపై చిన్నచిన్న గుర్తులను పేర్చినచో పాఠము సిద్ధమగును. గీత చీలినచోట ప్రశ్న యుండును. ఒక్కొక్క జవాబునకు ఒక్కొక్క కొమ్మ మొలచును. క్రౌడర్ భావమే అందులో బొమ్మ రూపము దాల్చినదనవచ్చును.

అటుపిమ్మట వచ్చిన క్యాప్టివేట్, ఆర్టిక్యులేట్ వంటి సాధనములలో గీతకు బదులు స్లైడు ప్రధానమైనది. స్లైడు పేర్చుట సులభము, కొమ్మ వేయుట కష్టము. ఏది సులభమో అదియే ఎక్కువగా జరుగును గనుక, నలుబది స్లైడులు, చివర పది ప్రశ్నలు అను మూస ఏర్పడినది. కొమ్మలు వేయు శక్తి సాధనములో ఇప్పటికిని ఉన్నది. వాడువారే అరుదు.

ఒక లెక్క, నాలుగు జవాబులు

లెవెలింగు, అనగా నేల ఎత్తుపల్లములను కొలుచు విద్య, సర్వే శిక్షణలో తొలి పాఠములలో నొకటి. దానినే ఉదాహరణముగా తీసికొందము. ఎత్తు తెలిసిన గురుతు ఒకటి ఉన్నది. దాని మట్టము 500.000 మీటర్లు అనుకొందము. లెవెల్ యంత్రము నుండి ఆ గురుతుపై నిలిపిన కొలబద్దను చూడగా 1.350 వచ్చెను. అనగా యంత్రపు చూపు 501.350 మీటర్ల మట్టమున ఉన్నది. పిమ్మట కొలబద్దను వేరొకచోట నిలిపి చూడగా 2.145 వచ్చెను. ఆ చోటి మట్టమెంత? 501.350 నుండి 2.145 తీసివేయగా 499.205. ఇదియే సరియైన జవాబు.

మూసలో తయారైన పాఠము ఈ ప్రశ్నకు నాలుగు జవాబులిచ్చి, మూడింటికి ఎర్ర గుర్తు వేసి "తప్పు, మరల ప్రయత్నింపుము" అని ఊరకుండును. ఆ మూడు తప్పులు ఒకే జాతివి కావు. 503.495 అన్నవాడు రెండవ కొలతను తీసివేయుటకు బదులు కూడినాడు. 496.505 అన్నవాడు మొదటి కొలతను కూడుటకు బదులు తీసివేసినాడు. వీరిరువురికిని సూత్రము నొకమారు గుర్తుచేసిన చాలును. 500.795 అన్నవాని సంగతి వేరు. అతడు రెండు గుర్తులను తారుమారు చేసినాడు. కొలబద్దపై అంకె పెద్దదైనచో నేల కూడ ఎత్తుగా నుండునని అతని ఊహ. నిజమునకు అంకె పెద్దదగుకొలది నేల పల్లమగును. అతనికి కావలసినది సూత్రము కాదు. కొలబద్దను పల్లమున నిలిపినపుడు చూపు దానిపై ఏ అంకెను తాకునో కదలు బొమ్మలో చూపవలెను.

బొమ్మకు కదలిక, పాఠమునకు కొమ్మ కావలసినది సరిగా ఇచ్చటనే. పుస్తకము ఈ పని ఇంత చక్కగా చేయజాలదు. నలుబదిమంది పిల్లలున్న తరగతిలో ఉపాధ్యాయునికి ప్రతివాని తప్పును వేరుగా విచారించు తీరిక యుండదు. సాధనమునకు ఆ తీరిక ఉన్నది. కాని ఏ తప్పు వెనుక ఏ ఊహ దాగియున్నదో సాధనమునకు తెలియదు. అది చాలకాలము పాఠము చెప్పిన ఉపాధ్యాయునికే తెలియును. అందుచేత ఉపాధ్యాయుని ప్రమేయము లేక, స్లైడులు పేర్చువారికే పని అప్పగించినచో, సాధనముయొక్క అసలు శక్తి వృథాయగును.

మరియొక హద్దు కూడ కలదు. కొలబద్ద నిలువుగా నుండక 3 డిగ్రీలు ఒరిగినచో, 3.000 మీటర్లు రావలసిన కొలత సుమారు 3.004 వచ్చును. ఈ 4 మిల్లీమీటర్ల తేడా ఎట్లు వచ్చునో తెరపై బొమ్మ స్పష్టముగా చూపగలదు. కాని గాలిలో ఆ బద్దను నిటారుగా పట్టుట చేతికి అలవడవలసిన పని. ఎగుడుదిగుడు నేలపై ముక్కాలిని నాటి బుడగను నడిమికి తెచ్చుటయు అట్టిదే. "పాఠము పూర్తియైనది" అని తెర చెప్పినంతమాత్రమున ఈ నేర్పు వచ్చినట్లు కాదు.

లెక్కించునది ఏమి?

పాఠము ఒక సాధనముతో తయారై వేరొక వ్యవస్థలో నడువవలెనన్న రెంటికిని పొత్తు కుదుర్చు నియమములు కావలెను. అమెరికాలో 1997లో మొదలైన ఏడీఎల్ కార్యక్రమము ఇందుకై 'స్కార్మ్' అను నియమావళిని ఏర్పరచెను. 2001లో వెలువడిన దాని 1.2 రూపము విశేష వ్యాప్తి పొందినది. అందులో విద్యార్థి స్థితిని తెలుపుటకు ఆరు మాటలే కలవు: ఉత్తీర్ణత, పూర్తి, వైఫల్యము, అసంపూర్తి, చూచి విడిచినది, మొదలిడనిది. వీనితోపాటు మార్కులు, పట్టిన కాలము నమోదగును. ఒక్కొక్క ప్రశ్నకు వచ్చిన జవాబును కూడ నమోదు చేయు ఏర్పాటు కలదు గాని అది ఐచ్ఛికము. చేయనివారే ఎక్కువ.

దీని ఫలితము గమనింపదగినది. నాలుగేసి జవాబులున్న పది ప్రశ్నలలో ఎనిమిది సరిపెట్టినచో ఉత్తీర్ణత అనుకొందము. ఏమియు తెలియనివాడు గుడ్డిగా ఊహించి నెగ్గు అవకాశము 10,000కు సుమారు 4 మాత్రమే. పరీక్ష గట్టిదే యని తోచును. కాని తప్పినవానికి సరియైన జవాబులు చూపి, అవే ప్రశ్నలతో మరల వ్రాయనిచ్చినచో, రెండవమారు ఎవడైనను నెగ్గును. పట్టికలో ఇద్దరికిని 'ఉత్తీర్ణత' అనియే పడును. నేర్చినవానికిని, జవాబుల వరుస గుర్తుంచుకొన్నవానికిని భేదము కనిపింపదు.

పాఠశాలలో దీనివలన కలుగు నష్టము కొన్ని మార్కులు. కర్మాగారములో అట్లు కాదు. యంత్రమును బాగుచేయుటకు ముందు విద్యుత్తు తీసివేసి, మీటకు తాళము వేసి, తాళపుచెవిని తన వద్దనే ఉంచుకొనవలెనని పాఠము చెప్పుననుకొందము. ఆ వరుసను గ్రహింపక 'పూర్తి' అనిపించుకొన్న కార్మికుని చేయి ప్రమాదములో పడును. కాగితముమీద మాత్రము అతడు శిక్షణ పొందినవాడే. కావున ఇట్టి పాఠము చివర నలుగురు చూచుచుండగా అసలు యంత్రముకడ ఆ పని చేయించిన తరువాతనే 'ఉత్తీర్ణత' అని వ్రాయుట న్యాయము.

భాష, కంఠము, అక్షరము

నాచారము వంటి పారిశ్రామికవాడలలో తెలుగువారితోపాటు హిందీ, ఒడియా మాటలాడువారును పనిచేయుదురు. ఇంగ్లీషు కంఠము, ఇంగ్లీషు అక్షరములు గల పాఠము వీరిలో ఎందరికి అందును? తెలుగులో చేసిన పాఠములలో కూడ లోపములు కలవు. ఇంగ్లీషు మాట కొలతకు గీసిన గడిలో తెలుగు వాక్యము పట్టదు. కొన్ని సాధనములలో ఒత్తులు, గుణింతములు విడిపోవును. ఈ చిక్కు తప్పించుకొనుటకు అక్షరములను బొమ్మగా మార్చి అతికింతురు. పిమ్మట ఒక్క అచ్చుతప్పు దిద్దవలెనన్నను ఆ బొమ్మను మొదటినుండి చేయవలసివచ్చును.

తెరమీది వాక్యమునే కంఠము మాటకు మాటగా చదువుట మరొక అలవాటు. బొమ్మ కదలుచుండగా కంఠము వివరించినచో చాలునని, అదే వాక్యమును తెరపై కూడ పెట్టినచో కన్నునకు రెండు పనులు పడి గ్రహణశక్తి తగ్గునని రిచర్డ్ మేయర్ పరిశోధనలు తెలిపినవి. అయితే పరాయి భాషలో నేర్చువారికి అక్షరములు కొంత ఆసరా కావచ్చును. మాతృభాషలో చెప్పు పాఠమునకు ఆ సాకు లేదు.

పాఠముయొక్క ఆయువును గూర్చి కూడ ఆలోచింపవలెను. 2005లో ఆథర్‌వేర్ అడోబీ సంస్థ చేతికి పోయెను. 2007లో దాని అభివృద్ధి నిలిచిపోయెను. 2020 డిసెంబరు 31న ఫ్లాష్ ప్లేయరుకు ఆదరువు ముగిసెను. దానిపై ఆధారపడిన పాఠములు బ్రౌజరులో తెరచుకొనుట మానినవి. అచ్చుపుస్తకము అరువది ఏండ్ల తరువాత కూడ చదువ వీలగును. మూలప్రతిని, కంఠధ్వనిని, బొమ్మలను విడివిడిగా భద్రపరచుకొననివారి పాఠము సాధనముతోపాటే గతించును.

మేలైన మార్గము

ఆడంబరము లేని మంచి ఉదాహరణ మన దేశములోనే కలదు. బొంబాయి ఐఐటీవారి 'స్పోకెన్ ట్యుటోరియల్' పాఠములలో తెరపై జరుగు పనిని వివరించు కంఠము తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో లభించును. చిన్న పాఠము విని, ఆపి, ప్రక్కన తన కంప్యూటరుపై అదే పని చేసిచూచుకొనుట వారి పద్ధతి. చేయుట అనునది పాఠములో అంతర్భాగము. ఉచితముగా లభించు సాధనములును కలవు. నార్వేలో పుట్టి 2013 నుండి వాడుకలో నున్న 'హెచ్5పీ' అట్టిది. 2017లో ప్రారంభమైన మన 'దీక్ష' వేదికపై ఆ తీరు పాఠములు నడచును.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు ఏ తెరపాఠమునైనను తరగతిలో వాడుటకు ముందు ఒక పరీక్ష చేయవచ్చును. ఉద్దేశపూర్వకముగా తప్పు జవాబు నొక్కి చూడవలెను. వేరొక తప్పు జవాబు నొక్కినపుడు వేరొక మాట చెప్పుచున్నదా? ఆ పొరపాటును గుర్తించి సరిదిద్దుచున్నదా? లేక అన్నింటికి ఒకే ఎర్ర గుర్తు చూపుచున్నదా? చూపునది ఒకే గుర్తు అయినచో అందలి బొమ్మలు ఎంత ముచ్చటగా నున్నను దానిని పుస్తకముగానే ఎంచి వాడుకొని, పిల్లల తప్పులను విచారించు పనిని ఉపాధ్యాయుడే చేయవలెను. స్వయముగా పాఠము తయారుచేయ దలచినవారు స్లైడులతో మొదలుపెట్టక, తమ విద్యార్థులు ఏటేట చేయు తప్పులను ముందుగా ఒక కాగితముపై వ్రాసికొనుట మంచిది. ఆ పట్టికయే పాఠమునకు పునాది కాగలదు.