వలస వచ్చినవారి కంచము

మన డెల్టాలో గృహస్థులు తరచుగా బలుకు మాట యొకటి కలదు: "ఎక్కడెక్కడివారో వచ్చి మన బియ్యము తినిపోవుచున్నారు." వరినాట్లకును, భీమవరము చుట్టుపట్ల రొయ్యల చెరువులకును ఒడిషానుండియు బెంగాలునుండియు వచ్చు కూలివారిని గూర్చి యీ మాట. చదువుకొన్నవారు సైతము దీనిని విచారింపకయే వల్లించుచున్నారు.

1983లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము కిలో రెండురూపాయలకు బియ్యమిచ్చినది మొదలు చౌకబియ్యము మన బీదయిండ్ల కాధారమైనది. 2013 నాటి ఆహారభద్రతా చట్టము సామాన్యముగా మనిషికి నెలకు 5 కిలోల ధాన్యమును హక్కుగా జేసినది. 2023 జనవరినుండి దానికి వెలయును లేదు. 2019 ఆగస్టులో ఆంధ్ర తెలంగాణముల నడుమ మొదలై, పిదప దేశమంతట వ్యాపించిన యేర్పాటుచే ఒక రాష్ట్రపు కార్డు వేరొక రాష్ట్రపు దుకాణములో జెల్లును. అయినను చెల్లునది కేంద్రచట్టము చెప్పిన పాలు మాత్రమే. బెంగాలు కూలివా డిక్కడ వేలిముద్ర వేసి పుచ్చుకొన్న బియ్యము అతని యూరి కార్డులో దగ్గిపోవును. రెండుచోట్ల దినుటకు వీలులేదు. ఈ రాష్ట్రము 2024 జూలైలో 4000 రూపాయలకు బెంచిన వృద్ధుల పింఛనులో అతని తల్లికి గాసైనను రాదు. ఇక మన సొమ్ము తినుట యెక్కడిది? మేడ కట్టుకొనియు తెల్లకార్డు దాచుకొన్న స్థానికుని గూర్చి మాత్రము అరుగులపై నెవరును మాటాడరు!

దుకాణమునకు సరుకు స్థానికుల లెక్కనే వచ్చెనేని, నాట్ల నెలలో గొరత గలుగవచ్చును. ఆ యాక్షేపణ న్యాయమైనదే. కాని యది సరుకు పంపువారి నడుగవలసినది, తినువానిని గాదు.

మనవారును వలసపోయినవారే కదా! కోరంగి రేవు పేరుమీదనే బర్మాలో తెలుగువారిని కోరంగీలనిరి. 1930 మే నెలలో రంగూను రేవు కూలీల సమ్మె పిమ్మట బర్మీయులు మనవారిపై బడి చంపిరి. తమ కూడు పరాయివారు లాగుకొనిరన్నదే యచ్చటి మాటయు. నేడు కోనసీమ స్త్రీలు కువైటులో ఇంటిపనులు చేయుచున్నారు.

లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు (1841-1909) గోదావరి దాటివచ్చు బాటసారుల కన్నము పెట్టిరని గర్వించుచున్నాము. ఆమె పెట్టినది తన యింటి యన్నము. ఈ కూలివా డడుగునది తన హక్కు. అదియును జాలమంది యడుగుటలేదు. భార్యాబిడ్డలు స్వగ్రామముననే కార్డుపై బియ్యము తెచ్చుకొందురు. ఇక్కడ మన పొలములో నాటు వేయువాడు మన యంగడిలోనే వెలపెట్టి కొని వండుకొనును.