అద్దం కెమెరా, జేబు కెమెరా

డిజిటల్ కెమెరా కొనదలచినవారి ముందు చాలాకాలంగా రెండు దారులున్నాయి. కటకం, ఫ్లాష్, తెర అన్నీ ఒకే పెట్టెలో అమరి జేబులో ఇమిడిపోయే కాంపాక్ట్ ఒకటి. కటకాన్ని విప్పి మార్చుకోగలిగిన, లోపల అద్దం ఉన్న ఎస్ఎల్ఆర్ మరొకటి. ఈ రెండింటిలో దేనిని ఎంచుకోవాలన్న ప్రశ్నను దుకాణాలలోనూ ప్రకటనలలోనూ మెగాపిక్సెళ్ల లెక్కతో తేల్చివేయడం అలవాటైంది గాని, ఆ లెక్క బొమ్మలో చుక్కలెన్నో చెబుతుందే తప్ప ఒక్కొక్క చుక్కకు ఎంత వెలుతురు అందిందో చెప్పదు. ఛాయాగ్రహణానికి ఆధారం వెలుతురే కనుక ఎంపిక అక్కడినుంచి మొదలుకావాలి.

ఎస్ఎల్ఆర్ అంటే సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్. కటకం గుండా లోపలికి వచ్చిన వెలుతురు, సెన్సర్‌కు ముందు 45 డిగ్రీల కోణంలో వాలి ఉన్న అద్దం మీద పడి పైకి మళ్లి, ఒక గరుకు గాజుపలక మీద బింబంగా ఏర్పడుతుంది. పలకకు పైనున్న పెంటాప్రిజం అనే గాజు పట్టకం ఆ బింబాన్ని కుడి ఎడమలు తారుమారు కాకుండా సరిచేసి కంటికి చేరుస్తుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేచి దారి ఇస్తుంది, షట్టర్ తెరుచుకుని వెలుతురు సెన్సర్‌ను చేరుతుంది, వెంటనే అద్దం మళ్లీ యథాస్థానానికి దిగుతుంది. ఇది డిజిటల్ యుగం కనిపెట్టిన పద్ధతి కాదు. 1936లో జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి వచ్చిన కినె ఎగ్జాక్టా ఈ నిర్మాణాన్ని 35 మి.మీ. ఫిల్మ్‌కు అమర్చింది, 1949లో కాంటాక్స్ ఎస్ దానికి పెంటాప్రిజాన్ని చేర్చింది, బొమ్మ తీసిన మరుక్షణం చీకటైపోయి, ఫిల్మ్ తిప్పేదాకా అలాగే ఉండిపోయే చూపుగాజు సమస్యను 1954లో జపాన్ కెమెరా ఆసాహీఫ్లెక్స్ 2బి, తనంతట తానే దిగే అద్దంతో తీర్చింది. ఈ మెరుగులన్నిటినీ 1959లో నికాన్ ఎఫ్ ఒకచోట కూర్చగా, 40 ఏళ్ల తరువాత అదే సంస్థ డి1 పేరిట 2.7 మెగాపిక్సెళ్ల డిజిటల్ ఎస్ఎల్ఆర్‌ను తెచ్చింది. 2003లో వచ్చిన కెనాన్ ఈఓఎస్ 300డి ధరను వెయ్యి డాలర్ల లోపుకు దించి ఈ విద్యను సామాన్య అభిరుచిపరుల చేతికి అందించింది. ఇన్ని దశాబ్దాలుగా ఇందులో మారనిది ఒక్కటే: కన్ను చూసే వెలుతురు, బొమ్మను నిర్మించే వెలుతురు ఒకే కటకం గుండా వస్తాయి, ఆ చూపుకు విద్యుత్తు అక్కరలేదు, క్షణమైనా ఆలస్యం లేదు.

అద్దం వల్ల మరొక ప్రయోజనం కూడా ఉంది. దాని మధ్యభాగం కొంత వెలుతురును తనగుండా పోనిస్తుంది. వెనుకనున్న చిన్న ఉప అద్దం ఆ వెలుతురును అడుగున ఉన్న ఫోకస్ పరికరానికి పంపుతుంది. కటకపు రెండు అంచుల నుంచి వచ్చిన కిరణాలను పోల్చి చూసే ఈ ఫేజ్ డిటెక్షన్ పద్ధతిలో కటకం ఏ దిక్కుకు, ఎంత జరగాలో ఒకేసారి తెలిసిపోతుంది. కాంపాక్టులు చాలాకాలం ఆధారపడిన కాంట్రాస్ట్ డిటెక్షన్‌లో అలా కాదు. బొమ్మ అంచులు ఎక్కడ బాగా తేరుకుంటాయో వెతుకుతూ కటకం ముందుకు వెనక్కు కదలవలసి వస్తుంది. పరుగెత్తే పిల్లవాడిని కాంపాక్ట్‌తో తీయబోతే, మీట నొక్కేసరికి ఉన్న పిల్లవాడు బొమ్మ పడేసరికి చట్రం దాటిపోవడానికి ముఖ్య కారణం ఇదే.

ఇక సెన్సర్ మాట. చౌక కాంపాక్టుల సెన్సర్ సుమారు 6.2 మి.మీ. పొడవు, 4.6 మి.మీ. వెడల్పు ఉంటుంది, అంటే దాదాపు 28 చదరపు మిల్లీమీటర్లు. నికాన్ డి3500 వంటి ప్రారంభ స్థాయి ఎస్ఎల్ఆర్‌లోని సెన్సర్ 23.5, 15.6 మి.మీ. కొలతలతో దాదాపు 366 చదరపు మిల్లీమీటర్లు. ఫుల్ ఫ్రేమ్ అని పిలిచే, పాత ఫిల్మ్ చట్రమంత సెన్సర్ 864 చదరపు మిల్లీమీటర్లు. చిన్న సెన్సర్ మీద 20 మెగాపిక్సెళ్లు ఇరికించినప్పుడు ఒక్కొక్క చుక్కకు దక్కే చోటు, డి3500లో 24 మెగాపిక్సెళ్లలో ఒక్కొక్కదానికి దక్కే చోటులో పదోవంతు కూడా ఉండదు. అందిన వెలుతురు తక్కువైనప్పుడు విద్యుత్ సంకేతాన్ని పెంచవలసి వస్తుంది, దానితోపాటు గరుకు మచ్చలూ పెరుగుతాయి. సాయంవేళ ఇంట్లో తీసిన బొమ్మలలో ముఖాల మీద ఇసుక చల్లినట్టు కనిపించేది అదే.

అయితే ఇక్కడే కొనుగోలుదారులు ఎక్కువగా మోసపోయే చోటు ఒకటుంది. 2012లో సోనీ తెచ్చిన ఆర్ఎక్స్100 అనే కాంపాక్ట్‌లో 13.2, 8.8 మి.మీ. సెన్సర్ ఉంది, దాని విస్తీర్ణం డి3500 సెన్సర్‌లో మూడోవంతు కంటే కొంచెం తక్కువ. కాని దాని కటకం విశాలకోణంలో ఎఫ్ 1.8 వరకు తెరుచుకుంటుంది. ఎఫ్ సంఖ్య అంటే కటకపు నాభ్యంతరాన్ని దాని ద్వారపు వ్యాసంతో భాగించగా వచ్చేది. సంఖ్య ఎంత చిన్నదైతే ద్వారం అంత పెద్దది. ఎస్ఎల్ఆర్‌తోపాటు పెట్టెలో వచ్చే 18-55 కిట్ లెన్స్ విశాలకోణంలో ఎఫ్ 3.5కు మించి తెరుచుకోదు. సెన్సర్ విస్తీర్ణాన్నీ ద్వారాన్నీ కలిపి లెక్కవేస్తే, ఆ కోణంలో జేబు కెమెరాకు అందే మొత్తం వెలుతురు ఎస్ఎల్ఆర్‌కు అందేదానికంటే తక్కువ కాదు, కొద్దిగా ఎక్కువే. కోణం బిగించి దూరాన్ని దగ్గరకు లాగే కొద్దీ ఎస్ఎల్ఆర్ ముందుకు వెళుతుంది నిజమే; అయినా కిట్ లెన్స్‌ను ఎన్నడూ విప్పనివారు ఆ బరువు మోసి పొందే లాభం స్వల్పం. అదే డి3500కు ఎఫ్ 1.8 ద్వారం ఉన్న 35 మి.మీ. ప్రైమ్ లెన్స్, అంటే జూమ్ లేని స్థిర కటకం, తగిలించగానే సోనీ అత్యధికంగా తెచ్చుకోగల వెలుతురుకు మూడు రెట్లకు పైగా దానికి అందుతుంది. కనుక ఎస్ఎల్ఆర్ విలువ ముఖ్యంగా దాని ముందుభాగాన ఉన్న లోహపు వలయంలో, అక్కడ బిగించే కటకాలలో ఉంది. రెండవ కటకం కొనే ఉద్దేశం లేనివారికి మంచి కాంపాక్టే తగినది.

తీయదలచిన వస్తువును బట్టి ఈ లెక్క స్పష్టపడుతుంది. లేపాక్షి వీరభద్రాలయ మండపపు కప్పు మీద ఉన్న విజయనగర కాలపు చిత్రాలు మసక వెలుతురులో ఉంటాయి, కాని కదలవు. చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటున్న కాంపాక్ట్‌తో, ఊపిరి బిగబట్టి, షట్టర్‌ను నెమ్మదిగా నడిపితే అవి చక్కగా పడతాయి. అదే మసకలో కూచిపూడి నర్తకి వేదిక మీద తిరుగుతూ ఉంటే సెకనులో 250వ వంతుకు తగ్గని షట్టర్ వేగం కావాలి, దానికి పెద్ద ద్వారపు కటకం కావాలి, కదలికను వెన్నాడే ఫోకస్ కావాలి. ఇది ఎస్ఎల్ఆర్ పని. నిశ్శబ్దమైన సభలో అద్దం లేచిపడే చప్పుడు రసభంగం చేస్తుందన్నదీ మరువరాదు. నేలపట్టు పక్షి సంరక్షణ కేంద్రంలో చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులను దూరం నుంచి తీయాలంటే 300 మి.మీ. కటకమైనా కావాలి. ఇందుకు మూడో దారి కూడా లేకపోలేదు: 2015లో వచ్చిన నికాన్ కూల్‌పిక్స్ పి900 చిన్న సెన్సర్‌తోనే 83 రెట్ల జూమ్ ఇస్తుంది, ఉదయపు ఎండలో గూటి మీద కూర్చున్న పక్షిని మెచ్చదగినట్టుగా పడుతుంది, ఎగిరే పక్షి దగ్గర మాత్రం తడబడుతుంది.

కాంపాక్ట్‌కు స్వంతంగా ఉన్న గుణాలను లోకం తక్కువగా చెప్పుకుంటుంది. చిన్న సెన్సర్ వల్ల బొమ్మలో ముందూ వెనుకా ఎక్కువ మేర స్పష్టత నిలుస్తుంది. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అనే ఈ గుణం నేపథ్యాన్ని మసకబరచదలచినవారికి లోపం కాగా, తుమ్మి పువ్వునూ దాని మీది చీమనూ కలిపి దగ్గరగా తీయదలచినవారికి వరం. చాలా కాంపాక్టుల షట్టర్ కటకంలోనే ఉంటుంది కనుక ఎంతో ఎక్కువ వేగంలో కూడా ఫ్లాష్ దానితో కలిసి వెలుగుతుంది. ఎస్ఎల్ఆర్‌లో సెన్సర్ ముందు నడిచే షట్టర్ సాధారణంగా సెకనులో 200 లేదా 250వ వంతు దాటితే ఫ్లాష్‌ను పూర్తిగా అందుకోలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో నీడపడిన ముఖాన్ని దగ్గరనుంచి వెలిగించడానికి కాంపాక్ట్‌కున్న ఈ సౌలభ్యం ఎంతో ఉపకరిస్తుంది. అన్నింటినీ మించి, పెద్ద సంచీ లేకుండా సంతలోనో రైల్వే ప్లాట్‌ఫారం మీదో నిలబడిన మనిషిని ఎవరూ ఫొటోగ్రాఫర్‌గా చూడరు, ముఖాలు బిగుసుకోవు. 1925లో బజారుకు వచ్చిన లైకా నుంచి 1979 నాటి ఒలింపస్ ఎక్స్ఏ మీదుగా, ఎస్ఎల్ఆర్ అంతటి సెన్సర్‌ను జేబులో ఇమిడ్చిన 2013 నాటి రికో జిఆర్ దాకా సాగిన చిన్న కెమెరా పరంపర ఈ విలువ మీదనే నిలిచింది. చౌక కాంపాక్టుల స్థానాన్ని నేడు ఫోన్లు ఆక్రమించాయి కనుక, ఇప్పుడు కాంపాక్ట్ కొనేవారు కనీసం ఆర్ఎక్స్100 అంత సెన్సర్ లేనిదానిని కొనడం దండగ.

ఎస్ఎల్ఆర్ పరిస్థితి వేరు. అద్దాన్ని తొలగించి సెన్సర్ నుంచే చూపించే మిర్రర్‌లెస్ కెమెరాలు 2008లో పానసోనిక్ జి1తో మొదలై ఆ స్థానాన్ని దాదాపు ఆక్రమించడంతో, మంచి ఎస్ఎల్ఆర్‌లు సెకండ్‌హ్యాండ్‌లో అందుబాటు ధరకు దొరుకుతున్నాయి. నేర్చుకోదలచినవారికి ఇది అనుకూల సమయం. కొనేముందు షట్టర్ ఎన్నిసార్లు నడిచిందో తెలుసుకోవాలి, కటకాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి లోపల బూజు దారాలు ఉన్నాయేమో చూడాలి. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు తేమలో బూజు త్వరగా పడుతుంది, ఒకసారి గాజు పూతను తిన్నదంటే మచ్చ పోదు. డి3500 వంటి చిన్న నికాన్‌లలో ఫోకస్ నడిపే మోటారు బాడీలో ఉండదు కనుక, పాత ఏఎఫ్-డి కటకాలు వాటి మీద చేతితో తిప్పితేనే ఫోకస్ అవుతాయి. ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పి అని రాసి ఉన్నవి తీసుకోవాలి. కెనాన్ 1987 నుంచి తయారుచేసిన ఈఎఫ్ కటకాలు ఆ సంస్థ డిజిటల్ ఎస్ఎల్ఆర్‌లన్నిటికీ పడతాయి, అడాప్టర్‌తో దాని మిర్రర్‌లెస్ కెమెరాల మీద కూడా ఫోకస్‌తో సహా పనిచేస్తాయి. అందువల్ల రెండు మంచి కటకాలకు ఎక్కువ డబ్బు కేటాయించి, బాడీకి మిగిలినది పెట్టడమే లాభసాటి. పదేళ్ల తరువాత బాడీ మూలపడినా ఆ కటకాలు మరో కెమెరాకు పనికివస్తాయి.