వెండి రూపాయి విలువ తేల్చే విద్య

పెద్దవాళ్లు పోయాక ఇనప్పెట్టె తెరిస్తే, అడుగున గుడ్డ మూటలో పాత వెండి రూపాయలు బయటపడటం మన ఇళ్లలో అరుదేమీ కాదు. వాటిని కొనాలన్నా, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు పంచుకోవాలన్నా ముందు ధర తేలాలి. వెండి కొట్టుకు తీసుకెళ్తే కాటా మీద పెట్టి, తరుగు తీసి, ఓ అంకె చెబుతారు. ఫోన్‌లో చూస్తే అలాంటి రూపాయికే లక్షలు పలుకుతున్నట్టు వీడియోలు కనిపిస్తాయి. మొదటి అంకె నమ్మితే అమ్మేవాళ్లు నష్టపోతారు, రెండోది నమ్మితే కొనేవాళ్లు మునుగుతారు. సరైన ధరకు ఒక పద్ధతి ఉంది. ఒకప్పుడు షరాబులు చేసిన పని అదే.

ఆర్కాటు రూపాయి, కంపెనీ రూపాయి, నిజాం హాలీ సిక్కా ఒకే సంతలో చేతులు మారిన రోజుల్లో, ఏది ఎంత ఎత్తు, ఎంత మేలిమి, దేనికి ఎంత వట్టం తీయాలి అన్నది షరాబు తేల్చేవాడు. బండమీద మోగించి వినేవాడు, గీటురాయి మీద గీసి చూసేవాడు, తూచేవాడు, అంచు తడిమేవాడు. ఈనాటి సేకర్తలు చేసేదీ దాదాపు అదే. కాకపోతే గీటురాయి జోలికి మాత్రం పోకూడదు. గీత పడ్డ నాణేనికి సేకర్తల దగ్గర విలువ పడిపోతుంది.

మొదటి పని, మూటను కుప్పలుగా విడదీయడం. 1835 నుంచి బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాత తులం. నూటికి 91.7 పాళ్లు వెండి. ఆ లెక్కన ఒక్కో రూపాయిలో 10.69 గ్రాముల అసలు వెండి ఉంటుంది. విలియం, విక్టోరియా, ఎడ్వర్డ్, అయిదో జార్జి రూపాయలన్నీ ఈ కుప్పలోకే వస్తాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వెండికి కటకట వచ్చింది. 1940 నుంచి 1945 వరకు వచ్చిన ఆరో జార్జి రూపాయల్లో వెండి సగమే, 5.83 గ్రాములు. వీటిని అంచు చూసి పోల్చుకోవచ్చు. నిలువు గీతల మధ్యగా చుట్టూ ఒక గాడి ఉంటుంది. 1947 రూపాయల్లో వెండే లేదు, అవి నికెల్. అయస్కాంతం దగ్గర పెడితే చటుక్కున అతుక్కుంటాయి.

హైదరాబాద్ చార్మినార్ రూపాయిది వేరే లెక్క. బరువు 11.18 గ్రాములు, వెండి నూటికి 81.8 పాళ్లు, అంటే ఒక్కోదానిలో 9.14 గ్రాములు. ఏడు హాలీ, అంటే నిజాం రూపాయలకు ఆరు బ్రిటిష్ రూపాయలన్న పాత మారకం మూలం ఈ తేడాలోనే ఉంది. హిజ్రీ 1361, అంటే 1942 నుంచి ఇక్కడా వెండి సగానికి తగ్గింది.

వంద నాణేల మూట ఒకటి ఊహించుకుందాం. పాత బ్రిటిష్ రూపాయలు 40, యుద్ధకాలపువి 30, సగం వెండికి ముందు నాటి చార్మినార్ రూపాయలు 20, నికెల్‌వి 10. లెక్క తేలికగా ఉండటానికి వెండి గ్రాము వంద రూపాయలు అనుకుందాం. మొదటి కుప్ప 42,760, రెండోది 17,490, మూడోది 18,280, నాలుగోది సున్నా. మొత్తం 78,530 రూపాయలు. విడదీయకుండా వందా ఒకటే అనుకుని లెక్కగడితే 1,06,900 వస్తుంది. ఆ తప్పుకు కొనేవాడు చెల్లించే మూల్యం 28 వేల పైమాటే. తులం మాటలోనూ జాగ్రత్త ఉండాలి. ఇప్పుడు చాలా కొట్లలో తులమంటే పది గ్రాములు. నాణేలు అరిగి బరువు తగ్గి ఉంటాయి కాబట్టి ఏ కుప్పకు ఆ కుప్పను గ్రాముల్లో తూచి లెక్క కట్టడమే మంచిది. ఇలా వచ్చిన అంకె ధరకు నేల లాంటిది. అసలైన నాణేల సంచికి అంతకంటే తక్కువ ఇవ్వజూపడం న్యాయం కాదు.

రెండో పని, అసలో నకిలీయో తేల్చడం. గీత పడకుండా మేలిమి చూసే ఉపాయం ఇంట్లోనే ఉంది. గ్రాములో నూరో వంతు చూపే చిన్న త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి అంకెను సున్నా చేయాలి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకూ అంచులకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. పాత బ్రిటిష్ రూపాయి అయితే త్రాసు 1.13 దగ్గర నిలుస్తుంది. సగం వెండిది 1.22 దాకా వెళ్తుంది. జర్మన్ సిల్వర్‌తో చేసినదైతే 1.3 దాటిపోతుంది. ఆ తర్వాత భూతద్దం తీయాలి. పోతపోసిన నకిలీల మీద ఇసుక పొక్కుల్లాంటి గుంటలు, అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తాయి. అచ్చుకొట్టిన నాణెం మీద అక్షరాల అంచులు తేటగా లేచి ఉంటాయి.

రాముడి పట్టాభిషేకం బొమ్మతో, ఈస్ట్ ఇండియా కంపెనీ పేరుతో, 1818 అని ఉండే బిళ్లలకు లక్షలు అడుగుతుంటారు. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ ముద్రించలేదు. బియ్యాన్ని లాగే శక్తి ఉందంటూ రైస్ పుల్లింగ్ ముఠాలు నమ్మించేదీ ఇలాంటి వాటితోనే. వాటికి పైసా ఇవ్వనక్కర్లేదు.

మూడో పని, అరుదైనవాటిని పక్కకు తీయడం. పాతదనం వేరు, అరుదుదనం వేరు. 1840 అని ఉన్న విక్టోరియా రూపాయిని చూసి మురిసిపోతారు. ఆ ఏడాది అంకెను మార్చకుండానే 1861 దాకా ముద్రించారు కాబట్టి అవి బోలెడన్ని దొరుకుతాయి. 1911 అయిదో జార్జి రూపాయిది మరో కథ. రాజు అంగీ మీది ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవ లేవడంతో జారీ ఆపి, చాలావాటిని కరిగించేశారు. మరుసటి ఏడాది తొండం తేటగా దిద్దిన అచ్చు వచ్చింది. అందుకే 1912 కంటే 1911కు గిరాకీ ఎక్కువ. 1939 రూపాయి ఇంకా అరుదు, కనుక మోసమూ ఎక్కువే. 1938లోని ఎనిమిదిని చెక్కి తొమ్మిది చేసినవి తిరుగుతున్నాయి. నిపుణుడు చూసి ఖాయం చేయనిదే దానికి వెండి ధర దాటి ఇవ్వకూడదు.

చార్మినార్ రూపాయిలో గుమ్మం లోపల చూడాలి. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అక్కడ మీమ్ అక్షరం ఉంటుంది, ఉస్మాన్ అలీ ఖాన్ వచ్చాక అయిన్. ఉస్మాన్ తొలి నాణేల్లో ఆ అయిన్ పొట్టిగా, తర్వాతి వాటిలో నిండుగా కనిపిస్తుంది. ఒక వైపు హిజ్రీ సంవత్సరం, మరో వైపు పాలనా సంవత్సరం ఉంటాయి. రెండూ రాసుకుంటేనే ఏది మామూలుదో, ఏది అరుదైనదో తేలుతుంది.

నాలుగోది స్థితి. రాణి చెంప, చెవి పైని జుట్టు, రాజు అంగీ మీది ఏనుగు, మినారు అంతస్తులు ముందుగా అరిగే చోట్లు. అక్కడ గీతలు నిలిచి ఉంటే ధర పెరుగుతుంది. దండల్లో, లంబాడీ నగల్లో కొక్కెం అతికినవి, చిల్లు పడ్డవి చాలావరకు వెండి ధర దగ్గరే ఆగిపోతాయి. నగ చెక్కుచెదరకుండా ఉంటే మాత్రం దాన్ని విప్పకూడదు. అప్పుడది నగగానే విలువైనది. పూజకు ముందు విబూదితో, చింతపండుతో తోమడం మన అలవాటు. నాణేలకు అది చేటు. ఏళ్ల తరబడి పట్టిన నల్లని పొరే సేకర్తకు నమ్మకం. తోమి తళతళలాడించిన రూపాయి మీద సన్నని గీతలు మిగులుతాయి, ధర దిగుతుంది.

ఇక బేరం. మామూలు నాణేలకు వెండి ధర, దానిపైన కొద్దిపాటి మొత్తం చాలు. పక్కకు తీసినవాటికి ఒక్కోదానికి విడిగా ధర కట్టాలి. దానికి వేలంలో నిజంగా అమ్ముడైన ధరలే ఆధారం. ఎవరో అడిగిన ధరకు విలువ లేదు. తిరిగి అమ్మడానికి కొనే వ్యాపారి ఆ వేలం ధర మొత్తం ఇవ్వలేడు. వేలం ఖర్చు, పన్ను, అమ్ముడుపోని రోజుల భారం అతనివి. కానీ వెండి ఎంత, అరుదుదనానికి ఎంత అన్నది విడివిడిగా కాగితం మీద రాసివ్వగలడు. రాసివ్వనంటే లేచి రావచ్చు.

చట్టం కూడా చూసుకోవాలి. పునాది తవ్వకంలో దొరికిన మూటకు బేరమే లేదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. నూరేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులు. వాటిని అమెరికాలో ఉన్న కొడుక్కో కూతురికో సూట్‌కేసులో పెట్టి పంపడం నేరం.

ఇంత శ్రమ ఎందుకంటే, ధర తెలియని నాణెం మూసలోకి పోతుంది కాబట్టి. వెండి రేటు పెరిగిన ప్రతిసారీ ఎన్నో మూటలు కరుగుతాయి. తూచి అమ్మేసిన చార్మినార్ రూపాయితో పాటు, మన నేల మీద ఒక రాజ్యం సొంత ముద్రతో నడిపిన లావాదేవీల సాక్ష్యమూ పోతుంది. వెండికి మించి పది రూపాయలు ఎక్కువొస్తాయని తెలిసిన ఇల్లాలు దాన్ని కరగనివ్వదు. అందుకే విడదీయడం, తూచడం, భూతద్దంతో చూడటం, రాసిపెట్టడం అయ్యాకే బేరానికి కూర్చోవాలి. అలా తేలిన ధర అమ్మేవాళ్లకు దక్కాల్సినది దక్కిస్తుంది, కొనేవాళ్లను మోసం నుంచి కాపాడుతుంది, నాణేన్ని నాణెంగానే బతకనిస్తుంది.