ఆది రవిక, లోధ్ర సీసా

పోలవరంలో మా అమ్మమ్మ ట్రంకుపెట్టెకి అడుగునుంచి జానెడు ఎత్తున తుప్పు గీత ఒకటి ఉంది. 1986 ఆగస్టు వరదలో గోదారి ఇంట్లోకి వచ్చిన గుర్తు అది. అమ్మమ్మ పోయాక ఆ పెట్టె తెరిచింది నేనూ, అమ్మా, పిన్నీ. పట్టుచీరలు, వెండి కుంకుమభరిణె పంచుకోవడం పది నిమిషాల్లో అయిపోయింది. ఎవరికీ అక్కర్లేనివి నాకు మిగిలాయి. అట్టలూడిన గృహలక్ష్మి సంచికలు రెండు, లోధ్ర అని చీటీ అంటించిన ఖాళీ సీసా ఒకటి, వెలిసిపోయిన చిలకాకుపచ్చ రవిక ఒకటి. బుట్టచేతుల రవిక. చంకల కింద లోపలివైపు మూడు వరసల కుట్లు వేసినట్టు సూది బెజ్జాలు కనిపిస్తున్నాయి. అందులో రెండు వరసలు విప్పేసి ఉన్నాయి. పిన్ని దాన్ని మసిగుడ్డల్లో పడెయ్యబోతుంటే అమ్మ అందుకుని, "ఇది ఆదిదే, పారెయ్యకు" అంది.

ఆది జాకెట్టు అంటే ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు. మనలో ఎంతమందిమి టేపుతో కొలతలిచ్చి జాకెట్లు కుట్టించుకుంటూ పెరిగాం? కొత్త గుడ్డతో పాటు, బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి మడిచి దర్జీకి పంపడం, అతను దాన్ని పరిచి కొలుచుకుని కుట్టడం, అంతే. అమ్మమ్మ కాలంలో ఆ ఇంటి ఆడవాళ్లు దర్జీ కొట్టు గుమ్మం ఎక్కలేదు. గుడ్డా, ఆదీ కలిపి తాతయ్యో, పాలేరో పట్టుకెళ్లేవారు. నలభై ఏళ్లపాటు అమ్మమ్మ రవికలు కుట్టిన దర్జీ సాయిబుగారు ఆవిడని రెండుసార్లే చూశారట, అదీ వీధిలోంచి. మెడ కొంచెం దించమని చెప్పాలన్నా తాతయ్యే చెప్పాలి. తాతయ్య చెప్పేవారు కాదు. అందుకే ఆ ఇంట్లో ముప్పై ఏళ్లపాటు మెడలు దిగలేదని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

తొలినాటి స్త్రీల పత్రికలమీదే నేను పిహెచ్‌డి చేశాను. వేటపాలెం సారస్వత నికేతనంలో కూర్చుని వారాల తరబడి పాత సంచికలు తిరగేశాను. కథలూ, లేఖలూ, సంపాదకీయాలూ రాసుకునేదాన్ని. ప్రకటనల పేజీ రాగానే వేలు తడిచేసుకుని తిప్పేసేదాన్ని. సాహిత్య పరిశోధన అంటే అదేననుకున్నాను. నా గైడు కూడా అదే అనుకున్నారు. మూడువందల పేజీల సిద్ధాంతగ్రంథంలో మందుల ప్రకటనలకి దక్కింది ఒక అధోజ్ఞాపిక. ఇప్పుడు ఈ ఖాళీ సీసా నన్ను ఆ పేజీల దగ్గరికి మళ్లీ తీసుకెళ్లింది.

గృహలక్ష్మి 1928లో మద్రాసులో మొదలైంది. పెట్టినవారు ఆయుర్వేద వైద్యులు కె.ఎన్. కేసరి. ఆయన కేసరి కుటీరం తయారుచేసే మందుల్లో అందరికీ తెలిసినది లోధ్ర, స్త్రీల గర్భాశయ వ్యాధులకి. కనుపర్తి వరలక్ష్మమ్మ శారద లేఖలు వచ్చింది ఈ పత్రికలోనే. స్నేహితురాలు కల్పలతకి శారద రాసే ఉత్తరాలుగా చట్టాలూ, ఆచారాలూ, స్త్రీల చదువూ అన్నీ అందులో చర్చకొచ్చాయి. 1934లో మొదలైన గృహలక్ష్మి స్వర్ణకంకణం మొదట అందుకున్నదీ ఆవిడే. స్త్రీల రచనకి అంత గౌరవం ఇచ్చిన సంస్థలు ఆ రోజుల్లో ఎన్ని ఉన్నాయి? మన సాహిత్య చరిత్రలు కంకణం గురించి తప్పకుండా చెప్తాయి. ఆ కంకణంలో బంగారం ఎక్కడిదో ఒక్కటీ చెప్పదు. పత్రిక వెనకున్నది మందుల వ్యాపారం. ఆ వ్యాపారానికి ఆధారం నాలుగు గోడల మధ్య నొప్పి భరిస్తూ పోస్టులో సీసాలు తెప్పించుకున్న స్త్రీలు. లాంచీ మీద రాజమండ్రి నుంచి వచ్చే టపాలో వీపీపీ బంగీ అందుకుని, చీరల బియ్యం డబ్బులోంచి రొక్కం తీసి కట్టిన మా అమ్మమ్మలాంటి వాళ్లు.

తెలుగు పత్రికల చరిత్రలో మందు డబ్బు కొత్తేమీ కాదు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు, 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు, 1924లో భారతి. ఆ సంగతి అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. తలనొప్పి కాబట్టి చెప్పుకోవచ్చు. లోధ్ర దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గుతుంది. కేసరిగారిని చిన్నబుచ్చడానికి ఇదంతా అనడం లేదు. స్త్రీల జబ్బుని అచ్చులోకి తెచ్చి, దానికి పేరుపెట్టి పిలిచిన మనిషి ఆయన. ఆ పేరు వాళ్ల మధ్య నుంచి కాకుండా సీసా మీది నుంచి రావడమే నన్ను ఆపింది.

నా దగ్గరున్న రెండు సంచికల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని ఈసారి ఏదీ వదలకుండా చదివాను. వాటిలోని కథల్లో స్త్రీకి జబ్బు చేస్తే అది జ్వరం, లేకపోతే దిగులు, చివరికి క్షయ. నడుముకింద శరీరమే లేనట్టు ఉంటుంది. ఆ శరీరం మందు ప్రకటనలో ఉంది. నేను తర్వాత చదివిన ఆనాటి కథల్లో కూడా ఈ విభజన పెద్దగా మారలేదు. రచయిత్రులకి తెలియక కాదు. వాళ్లూ నెలనెలా దూరంగా కూర్చున్నవాళ్లే, పదేసి పురుళ్లు పోసుకున్నవాళ్లే. కానీ మర్యాదగల స్త్రీ కలం ఎక్కడ ఆగాలో ముందే నిర్ణయమైపోయింది, దర్జీకి మనిషిని చూపించకుండా ఆది పంపడం నిర్ణయమైనట్టే. రెండుచోట్లా పని జరిగిపోతుంది, శరీరం మాత్రం అక్కడ ఉండదు.

అయితే భాష ఊరుకోలేదు. మన ఆడవాళ్లు ఆ జబ్బులకి పెట్టుకున్న పేర్లు చూడండి. ఎర్రబట్ట, తెల్లబట్ట. రోగం పేరు బట్ట! ఒంట్లో జరిగేదాన్ని చెప్పలేక, దాని మరకపడ్డ గుడ్డని చెప్పారు. ముట్టయిన గుడ్డ మైలబట్ట. పురిటి గది గుడ్డలు చాకలికి విడిగా. సంస్కృత వైద్యగ్రంథాల్లోని రక్తప్రదరం, శ్వేతప్రదరం అనే మాటలకంటే ఈ రెండు మాటల్లో ఎక్కువ అనుభవం ఉంది. వీటిని కల్పించింది ఏ నిఘంటుకారుడూ కాదు. చెరువుగట్టున గుడ్డలు ఉతుక్కునే ఆడవాళ్లు అయివుంటారు.

లోధ్రని తెలుగులో లొద్దుగ అంటారు. దాని చెక్క స్త్రీల రక్తస్రావానికి మందని చరక సుశ్రుతుల కాలం నుంచీ ఉంది. అదే చెక్క గుడ్డకి ఎర్రరంగు పట్టి నిలవడానికి అద్దకంలో వాడేవారు. మేఘదూతంలో అలకాపురి స్త్రీలు మొహానికి తెల్లదనం కోసం లోధ్రపువ్వుల పుప్పొడి అద్దుకుంటారు. ఒకే చెట్టు అలంకరణకీ, బట్టకీ, గర్భసంచికీ పనికొచ్చింది. కావ్యంలోని పుప్పొడి మీద మన పండితులు పేజీలు పేజీలు వ్యాఖ్యానాలు రాశారు. చెక్క కషాయం మీద కావ్యచర్చ ఎవరు చేస్తారు?

ఇక రవిక సంగతి. స్త్రీవాద కవిత్వం బట్టని ఒక ప్రశ్నగా నిలబెట్టిన సందర్భం అనగానే మనకి గుర్తొచ్చేది జయప్రభ 'పైటను తగలెయ్యాలి'. 1993లో నీలిమేఘాలు సంకలనం వచ్చాక ఆ చర్చ ఎంత దుమారం లేపిందో నా ముందుతరం వాళ్లకి బాగా తెలుసు. ఆ తర్వాత దళిత స్త్రీలు వేసిన ప్రశ్న కూడా తెలుసు. పైట వేసుకునే హక్కే లేనివాళ్ల సంగతేమిటని. నేను ఆ వాదాన్ని మళ్లీ తవ్వబోవడం లేదు. పైట మీద ఇంత మాట్లాడిన మనం దానికింది రవికని వదిలేశామే అన్నదే నా ఆశ్చర్యం. పైట ప్రతీకగా పనికొస్తుంది, గాలికెగురుతుంది. రవికకి కొలతలుంటాయి, కుట్టుకూలి ఉంటుంది, చంకల్లో చెమట మరకలుంటాయి. కవిత్వానికి అంత తేలిగ్గా లొంగదు.

అసలు రవిక ఎవరికి లేదు? తమ పొలాల్లో నాట్లకి వచ్చే ఆడవాళ్లలో చాలామందికి ఉండేది కాదని అమ్మమ్మ చెప్పేది. అదేదో వాళ్ల అలవాటన్నట్టు చెప్పేది. అమ్మమ్మకి మేనత్తవరస ఆవిడ ఒకావిడ పన్నెండేళ్లకే వితంతువై, తల తీయించుకుని, తెల్లపంచె చుట్టుకుని బతికింది. ఆవిడకీ రవిక లేదు. రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేసింది 1881 డిసెంబరులో. అక్కడికి లాంచీ ప్రయాణమంత దూరంలో ఉన్న మా ఊళ్లో ఆవిడ 1960ల దాకా అలాగే ఉంది. ఒకరికి కూలి వల్ల, కులం వల్ల లేదు. ఇంకొకరికి అగ్రకులపు మడి వల్ల లేదు. ఇద్దరూ ఒకే పెరట్లో తిరిగారు, ఒకరినొకరు ముట్టుకోకుండా.

మరోపక్క పసుపు కుంకుమలతో పాటు ముత్తయిదువ చేతిలో పెట్టే జాకెట్టు ముక్క ఉండనే ఉంది. పెళ్లికీ, పేరంటానికీ, శ్రావణ శుక్రవారానికీ ఇంటింటికీ తిరిగే ఆ ఎనభై సెంటీమీటర్ల గుడ్డని ఎవరూ కుట్టించుకోరు. ఇవాళ మీకు వచ్చింది రేపు ఇంకొకరికి వెళ్తుంది. అమ్మమ్మ పెట్టెలో అలాంటివి ఇరవైమూడు ఉన్నాయి, లెక్కపెట్టాను. ఒంటికి పట్టని గుడ్డ కాబట్టి అంత మర్యాదగా తిరిగిందేమో. తాతయ్య పోయాక అమ్మమ్మకి అవి రావడం ఆగిపోయింది. ఇరవైమూడో ముక్క ఏ పేరంటంలో వచ్చిందో అమ్మకి గుర్తుంది.

కుట్టుమిషను ఆడవాళ్ల చేతికి వచ్చాక మార్పు కొంత వచ్చింది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. కుట్టు నేర్పడం, మిషను ఇప్పించడం అనేది ఒంటరి స్త్రీకి బతుకుతెరువు చూపించే మార్గంగా ఊరూరా స్థిరపడటంలో ఆ తరం కృషి చాలా ఉంది. భర్త వదిలేస్తే మిషను, పోతే మిషను. దీన్ని వెక్కిరించే స్త్రీవాదులున్నారు, ఇంటిపనినే ఉపాధి చేశారని. నేనూ ఒకప్పుడు వెక్కిరించాను. కానీ ఆడమనిషి ఒంటిని ఇంకో ఆడమనిషి టేపుతో కొలిచి, "ఇక్కడ బిగుతుగా ఉందా అమ్మా" అని అడగడం మా ఇంట్లో మా అమ్మ తరంతోనే మొదలైంది. అది చిన్న విషయం కాదు.

అలాంటి పలకరింపు అచ్చులోకి కూడా వచ్చింది. మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో 1950ల ఆరంభం నుంచి దాదాపు అర్ధశతాబ్దం నడిపిన ప్రమదావనం అలాంటిదే. వంటా, ఆరోగ్యం, ఇంటి చికాకులూ అన్నీ అడిగేవారు, ఆవిడ చెప్పేవారు. మా విమర్శకుల దృష్టిలో ఆవిడ నవలలు సాహిత్యం, ప్రమదావనం కాలక్షేపం. సీసా మీద చీటీకీ, డాక్టరు చీటీకీ మధ్య ఒక స్త్రీ ఇంకో స్త్రీకి జవాబు చెప్పిన చోటు అది. ఆ పేజీలకి పద్ధతిగా ఒక విమర్శ రావాలి.

ఎందుకింత పట్టుదల అంటే, మా అమ్మ కథ చెప్పాలి. అమ్మమ్మకి ఎర్రబట్ట వస్తే లోధ్ర తాగింది, శొంఠి కషాయం తాగింది, కొంత తగ్గింది, కొంత తగ్గలేదు. మెల్లిగా వయసు మళ్లి ఆగిపోయింది. మా అమ్మకి ముప్పయ్యారో ఏట అదే వచ్చింది. రాజమండ్రిలో ఒక నర్సింగ్‌హోముకి వెళ్తే, పిల్లలు పుట్టేశారు కదా, ఇంక దాంతో పనేముంది, క్యాన్సరుకి తిరగొచ్చు అని భయపెట్టి, వారంలో గర్భసంచి తీసేశారు. ఇంకో దారి ఉందని ఎవరూ చెప్పలేదు. అమ్మ అడగలేదు. అడగడానికి కావలసిన మాటలు అమ్మ దగ్గర లేవు. ఆవిడ తరం చదివిన అన్ని వారపత్రికల సీరియళ్లలోనూ లేవు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఆ అంకె చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది అమ్మ మంచం కాదు, జాకెట్లు. ఆపరేషనయిన ఏడాదికి అమ్మ ఒళ్లు మారిపోయింది. ఆదిగా ఇచ్చే జాకెట్టు పట్టడం మానేసింది. లోపలి కుట్లు ఒక్కొక్కటీ విప్పుకుంటూ వచ్చింది. ఇంక విప్పడానికి గుడ్డ లేనప్పుడు బీరువా ముందు నిలబడి ఏడ్చింది. నాకప్పుడు పన్నెండేళ్లు. జాకెట్టు కోసం ఏడుస్తోందనుకున్నాను.

అమ్మమ్మ చిలకాకుపచ్చ రవికలో విప్పిన రెండు వరసలు ఏ ఏళ్లవో నాకు తెలియదు. పురుళ్లవి కావచ్చు.

మొన్న సంక్రాంతికి పోలవరం వెళ్లినప్పుడు అమ్మని తీసుకుని కుట్టుమిషనావిడ దగ్గరికి వెళ్లాను. ప్రాజెక్టు ముంపులో ఊరు పోయి కాలనీకొచ్చిన మనిషి. వస్తూ మిషనొక్కటీ నెత్తిన పెట్టుకొచ్చానని నవ్వుతూ చెప్పింది. టేపు తీసి దగ్గరికొస్తే అమ్మ చేతులు ఎత్తలేదు. "ఆది తెచ్చానమ్మా" అని సంచిలోంచి తీసి ఇచ్చింది. ఆవిడ జాకెట్టు తిరగేసి, చంక దగ్గర వేలితో రాసి చూసింది.

"రెండు పక్కలా ఆఖరి కుట్టుదాకా విప్పేశారండీ" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆపరేషనా అండీ? నాకూ ముప్పై రెండో ఏట తీసేశారండి" అంది.

అమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.