కాపురానికి కట్టిన పడవ

మయన్మార్‌లోని మెర్గుయి దీవుల నుంచి థాయిలాండ్‌లోని సురిన్ దీవుల దాకా అండమాన్ సముద్రంలో తిరిగిన మోకెన్లనే సముద్ర సంచారుల కబాంగ్ పడవను మొరటు పని అని తీసిపారేయడం తేలిక. నాకు మాత్రం అది ఇంటినీ పడవనీ ఒకటిగా ఆలోచించినవాళ్ల పనితనంగా కనిపిస్తుంది. పెద్ద మానును తొలిచి, నిప్పు సెగతో వెడల్పు చేసి అడుగు కట్టేవారు. పక్కలకు పలకలు కాదు, తాటిజాతి ముళ్లచెట్టు మట్టలు, అవి తేలిక. పైన మొగలిజాతి ఆకుల కప్పు, లోపల పొయ్యి. ముందూ వెనకా కొసల్లో పెద్ద గంటు ఉంటుంది. చూడ్డానికి అలంకారమే, కానీ మునిగి గవ్వలూ సముద్ర దోసకాయలూ ఏరినవాళ్లు నీళ్లలోంచి పైకెక్కడానికి అదే మెట్టు.

మట్టలు త్వరగా పాడైపోవా అంటారు. పోతాయి. అయితే కొత్తవి దీవి మీదే పెరుగుతాయి, మార్చే చేతులు పడవలోనే ఉంటాయి. ఇప్పటి పడవల ఇంజన్ పాడైతే ఆ సౌకర్యం లేదు. ఏడాదంతా అలలమీదే బతకలేరుగా అన్నదీ నిజమే, వానాకాలం వాళ్లు ఒడ్డున గుడిసెల్లోనే గడిపేవారు. ఇంజన్ పడవకు మారినవాళ్లను తప్పుపట్టలేం. గట్టి అభ్యంతరం అడవిది: 1981లో సురిన్ దీవులు జాతీయ పార్కు అయ్యాయి, పెద్ద చెట్లు కొట్టడానికి వీల్లేదు. చెట్టును కాపాడాల్సిందే. కానీ ఒక్క మానుకైనా అనుమతి లేకపోతే ఆ పని నేర్పేదెలా?