చిత్రవ్యాకరణము: జీజీప్లాట్2 పరిశీలనము

అమీర్‌పేటలో మైత్రీవనము, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరములందలి గోడలను శిక్షణాలయముల పలకలు కప్పివేసి, పంజగుట్ట వైపునకును వ్యాపించియున్నవి. అచట 'ప్యాకేజి' యను మాట రెండర్థములందు వినవచ్చును. ఒకటి ఉద్యోగికి ఏటికి లభించు జీతము; రెండవది ఆర్ వంటి కంప్యూటరు భాషకు చేర్చుకొనదగిన ఉపకరణ సంపుటి. మొదటి యర్థముతో విమర్శకునకు పనిలేదు. రెండవ కోవలో మిక్కిలి ప్రసిద్ధమైన జీజీప్లాట్2 తన్ను తాను వ్యాకరణముగా చెప్పుకొనుచున్నది; పేరు మొదటనున్న రెండు జీకారములకు 'చిత్రవ్యాకరణము' అనియే యర్థము. వ్యాకరణమను మాట మన శాస్త్రమునకు చెందినది గనుక ఆ బిరుదు దానికి చెల్లునా యని విచారించుట తెలుగు శాఖవారికి అనుచితము కాదు.

ఆర్ భాషను న్యూజీలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అను ఇరువురు నిర్మించిరి. 1995లో అది మూలరచనతో సహా ఎల్లరకు స్వేచ్ఛగా విడువబడినది. 1999లో లీలండ్ విల్కిన్సన్ చిత్రవ్యాకరణమను గ్రంథమును ప్రకటించెను. దాని ననుసరించి హాడ్లీ వికమ్ రచించిన ఈ ప్యాకేజి 2007లో వెలువడినది.

విల్కిన్సన్ సిద్ధాంత మిది: పటములను కమ్మీ పటము, చుక్కల పటము, గీతల పటము అని జాతులుగా పేర్కొని జాబితా వ్రాయుట శాస్త్రము కాదు. దత్తాంశము, దానికిని రంగు, స్థానము మున్నగు దృశ్యగుణములకును గల సంబంధము, రూపము, గణన, కొలబద్ద, నిరూపక వ్యవస్థ అను అంగముల కూర్పుచే పటము సిద్ధించును. వృత్తరేఖాచిత్రము వేరొక జాతి కాదు. అంతస్తులుగా పేర్చిన ఒకే కమ్మీని ధ్రువ నిరూపకములలో చుట్టగా ఏర్పడునదే. ధాతువునకు ప్రత్యయము చేర్చి క్రియారూపములను సాధించు పద్ధతికి ఇది దూరము కాదు. ఈ మేరకు బిరుదు చెల్లినదనియే నా యభిప్రాయము.

కాని బోధనలో ఈ వ్యాకరణము కానరాదు. ఒక శిక్షణాలయమున కొన్నిదినములు నేను ఈ పాఠము వింటిని. సూత్రములకు మారుగా సిద్ధవాక్యములను జిరాక్సు నోట్సులో వల్లెవేయించుచున్నారు. వెల లేని వస్తువునకు బోధనారుసుము చెల్లించుట తప్పు కాదు. బోధన యుండవలెను గదా! చుక్కలు నీలముగా రావలెనని ఒక విద్యార్థి సంబంధమును చెప్పు కుండలీకరణములలో 'బ్లూ' అని వ్రాసెను. చుక్కలు ఎరుపు చాయతో వచ్చినవి. ప్రక్కన 'బ్లూ' యను వివరణయు వెలసినది. ఆ మాటను వెలుపలికి జరుపుమని చెప్పి ఉపాధ్యాయుడు ముందునకు సాగెను. కారణమును వ్యాకరణము చదివినవాడు సులభముగా గ్రహింపగలడు. శాస్త్రమున శబ్దము సంజ్ఞ కానిచో తన స్వరూపమునే బోధించునని పాణిని అష్టాధ్యాయి మొదటి పాదమున నియమించెను. కుండలీకరణములలోని 'బ్లూ' కూడ రంగునకు సంజ్ఞ కాదు, దత్తాంశమందలి ఒక విలువ. దానికి కొలబద్ద తన వరుసలోని మొదటి రంగు నిచ్చినది. వెలుపల అదే మాట రంగునకు సంజ్ఞ యగును.

వికమ్ రచనయందు నేను దోషముగా నెంచునది అధ్యాహారబాహుళ్యము. చెప్పని అంగములను ప్యాకేజి తానే పూరించుకొనును. ఒక ప్రబంధమున ఆశ్వాసమునకు ఎన్ని సీసపద్యములున్నవో లెక్కించి, ఆశ్వాసమున కొక వరుసగా పట్టిక వ్రాసికొన్న పరిశోధకుడు ఎత్తును పేర్కొనక 'జియోమ్ బార్' ప్రయోగించెననుకొందము. కమ్మీలన్నియు ఒకటి ఎత్తుననే నిలుచును. ఆ రూపమునకు 'వరుసలను లెక్కింపుము' అను గణన అధ్యాహృతమై యున్నది; ఆశ్వాసమునకు వరుస ఒక్కటియే. లెక్క ముందే యున్నచో 'జియోమ్ కాల్' వాడి, ఎత్తునకు ఏ సంఖ్యయో చెప్పవలెను. అధ్యాహారము వాక్యమునకు లాఘవము నిచ్చుట నిజమే, కాని తెలిసినవానికి మాత్రమే.

మాసముల పేర్లు వట్టి మాటలుగా నిచ్చినచో అక్షరక్రమమున ఆశ్వయుజము మొదట వచ్చును, ఉగాది నాలుగవ స్థానమునకు జారును. క్రమము మనము చెప్పవలసినదే. ఇది ప్యాకేజి దోషము కాదు.

తెలుగువారికి మరింత దగ్గరి చిక్కు లిపిని గూర్చినది. ఆర్‌లో సాధారణమైన పీడీఎఫ్ సాధనమున తెలుగు అక్షరములకు మారుగా చుక్కలు పడును. పేర్లన్నియు ఆంగ్లమున వ్రాసి తప్పించుకొనుట సులభము. తెలుగు ఛందస్సును గూర్చిన సిద్ధాంతవ్యాసమున అది శోభించునా? మూలరచన అందరిది యగుటచే కొరతను పూరించుటకు యజమాని యనుమతి యక్కరలేదు. థామస్ లిన్ పెడర్సన్ ప్రభృతులు 'టెక్స్ట్‌షేపింగ్', 'రాగ్' అను ప్యాకేజీలను రచించిరి. లిపిని కూర్చు హార్ఫ్‌బజ్ సహాయముచే 'స్త్రీ', 'రాష్ట్రము' వంటి సంయుక్తాక్షరములు వీనిలో చెదరక నిలుచును. తెలుగు ఫాంటు నెన్నుకొని, పటమును భద్రపరచు 'జీజీసేవ్' ఆజ్ఞలో సాధనముగా రాగ్‌ను పేర్కొన్న చాలును. నేను విన్న పాఠమున, నోట్సునందును, ఈ ఒక్క పంక్తి లేదు.